బోర్లించిన కడవలు

తిప్పమ్మ భర్త ఆదెన్న పెనుకొండ నుంచి నడిచి వస్తూ, మిట్టమధ్యాహ్నం రోడ్డు మీదే వడదెబ్బకు పడిపోయాడు. గుక్కెడు నీళ్లు పోసిన నాథుడు లేడు. మరుసటి ఎండాకాలం నుంచి, ఆయన పడిన చోటే, సోమందేపల్లె దగ్గర హైవే పక్కన చప్పరం వేసి దారిన పోయేవాళ్లకు నీళ్లు పోయడం ఆమెకు వ్రతమైంది. నీళ్లు తన చేని బోరువి. చుట్టుపక్కల బోర్లన్నీ ఉప్పు కషాయం. ఆమె బోరు ఒక్కటే తీపి. ఆ తీపి ఆమెకు గర్వం కూడాను.

"ఇవి నీళ్లా, షర్బత్తా పెద్దమ్మా?" అనేవాడు మడకశిర లారీ డ్రైవరు గౌస్ మొహిద్దీన్, మూతి తుడుచుకుంటూ.

తర్వాత చేనికి ఎగువన, వంక ఒడ్డున, పాత బ్యాటరీలు కరగబెట్టి సీసం తీసే ఫ్యాక్టరీ వచ్చింది. కరిగించగా మిగిలిన నల్ల చిట్టెం, బూడిద తెచ్చి వంకలోనే గుట్టలు పోశారు. వాన పడితే ఆ నలుపంతా కారి చేలో ఇంకేది. కొన్నేళ్లకు శెనక్కాయ పైరు పాలిపోయింది. దూడ కళ్లు కనబడక, గిరగిరా తిరిగి పడి చచ్చింది. పశువుల డాక్టరు అనుమానపడి మన్నూ నీళ్లూ పరీక్షకు పంపాడు. రెండింటిలోనూ సీసం.

"నీళ్లు తియ్యగానే ఉండాయి కదా సార్!"

"సీసం నాలికకు తెలీదమ్మా. కాగబెట్టినా పోదు. పిల్లోళ్లకైతే మెదడుకే దెబ్బ."

ఆ రోజు నుంచి తిప్పమ్మ కళ్లలో దూడ మెదల్లేదు, దోసిళ్లు మెదిలాయి. బస్సు దిగి పరుగెత్తుకొచ్చిన పిల్లల దోసిళ్లు. ఏ ఊరి పిల్లలో! విషం కలిపినవాడు ఫ్యాను కింద చల్లగా కూర్చున్నాడు. పుణ్యమని ఆమె నమ్ముతుండగానే, దాన్ని పోసే పని ఆమె చేతికి అంటగట్టాడు.

ఎండలు ముదరకముందే ఫ్యాక్టరీ మేనేజరు రాఘవేంద్ర జీపులో దిగాడు.

"అక్కా, మీ చలివేంద్రం ఆగకూడదు. రోజూ మంచినీళ్ల ట్యాంకరు మేం పంపిస్తాం. పైన మా పేరుతో చిన్న బోర్డు, అంతే."

"ఆ చిట్టెం ఎప్పుడు ఎత్తుతారప్పా?"

"అదంతా పెద్దోళ్లు చూసుకుంటారు. ముందు ధర్మం నిలబడనీ."

"ధర్మమా! నా మొగుడు నీళ్లు లేక సచ్చినాడు. నీళ్లు పోసి జనాన్ని సంపే పని మీరు నా చేత చేయించినారు. ఇప్పుడు నీ పేరు కింద చెంబు పట్టుకోని నేను నిలబడల్లనా? చిట్టెం ఎత్తినంక రాపో!"

ఆ ఏడూ చప్పరం వేసింది. కడవలు మాత్రం బోర్లించి పెట్టింది.

గౌస్ లారీ ఆపాడు. "ఏం పెద్దమ్మా, షర్బత్తు దుకాణం మూసేసినావా?"

ఆమె అంతా చెప్పింది. అతని నవ్వు ఆగిపోయింది.

"మరి ఇన్నేండ్లు నేను తాగితి కదా?"

"తాగితివి నాయనా. నేనే పోస్తి. పోయి రక్తం చూపించుకో. నీ లారీ వాళ్లందరికీ చెప్పు."

అంతలో బస్సు ఆగింది. చంకలో బిడ్డతో, చేతిలో ఖాళీ సీసాతో ఒకామె దిగి, బోర్లించిన కడవల్ని చూసి నిలబడిపోయింది. తిప్పమ్మ లేచి ఎదురెళ్లింది.

"తల్లీ, పోయినేడు గానీ ఈడ నీళ్లు తాగినావా?"