గొల్లభామ కుబుసం విడిచిన పూట

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా వాకిట్లో బిళ్ళగన్నేరు మొక్కలు ఉండేవి. నేను బడికి పోలేదు. నాయన మగ్గం గుంతలో కూర్చునే నాకు అక్షరాలు దిద్దించాడు. మగ్గానికి నూలు కండెలు చుట్టడం, పొద్దున్నే దేవుడికి పూలు కోయడం నా పని. ఒకరోజు కోయబోయిన పువ్వులో ఒక రెక్క కదిలింది. చూస్తే గొల్లభామ పిల్ల. అచ్చం ఆ పువ్వులాగే తెలుపూ గులాబీ కలిసిన ఒళ్ళు. ముందుకాళ్ళు దండం పెట్టినట్టు జోడించుకుని ఉంది. దేవుడే పంపాడనుకున్నాను. వెదురుబుట్టలో ఉంచి, పైన పాత పంచెగుడ్డ కట్టి, ఈగలు పట్టి వేస్తూ పెంచుకున్నాను.

ఆ రోజుల్లోనే పక్కింటి అక్క పుట్టింటికి వచ్చింది. పుట్టిన బిడ్డ దక్కలేదు. వసారాలో చాప మీద గోడవైపు తిరిగి పడుకునేది, ఎవరితోనూ మాట లేదు. వాళ్ళమ్మను నేను పెద్దమ్మా అనేదాన్ని. ఆమె పూటపూటకూ జొన్నరొట్టె తెచ్చి బతిమాలేది, కసిరేది, కళ్ళు తుడుచుకుంటూ తీసుకుపోయేది. నీడగా ఉంటుందని నేనూ నా బుట్టతో ఆ వసారాలోనే కూర్చునేదాన్ని.

ఉన్నట్టుండి గొల్లభామ మేత మానేసింది. బుట్టమీది గుడ్డ పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ ఉండిపోయింది. చచ్చిపోతుందని భయం వేసింది. ఈగను పుల్లకు గుచ్చి దాని నోట్లో పెట్టబోయాను.

"ముట్టుకోవద్దు పాపా," అంది అక్క. ఆమె వచ్చాక నేను విన్న మొదటి మాట అదే. "అది తోలు ఇడుస్తాంది. మా అత్తగారింట్లో పట్టుపురుగులూ ఇంతే, మేత ఇడిసి కదలకుండా ఉంటాయి. ఇప్పుడు కదిలిస్తే కిందపడి సచ్చిపోతాది."

పుల్ల పక్కన పెట్టేశాను. అంతలో పెద్దమ్మ కంచంతో వచ్చి, "లెయ్ మే, ఇంత రొట్టె తిను," అంటూ అక్క భుజం పట్టింది.

"కదిలించొద్దు పెద్దమ్మా," అన్నాను.

"నీ పురుగూ నా కూతురూ ఒకటేనా మే?" అంది. అన్నది గానీ చెయ్యి తీసేసింది. కంచం మీద మూత పెట్టి, దూరంగా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఆమె ఎంత అలసిపోయిందో అప్పుడు చూశాను.

మర్నాడు పొద్దున బుట్టలో పలచని ఖాళీ తోలు వేలాడుతోంది. పక్కనే గొల్లభామ, ఇంకా ఆరని కొత్త రెక్కలతో. చూపిద్దామని పరిగెత్తాను. అక్క లేచి కూర్చుని, మూత పక్కకు జరిపి, చల్లారిన రొట్టె తుంచుకుంటోంది. పెద్దమ్మ అటు చూడనట్టు బియ్యం ఏరుతోంది. సాయంత్రం గొల్లభామను పూలమొక్క మీదే వదిలేశాను.

ఇప్పుడు నాలో ఓపిక లేదు. మా ఆయన మంచాన పడ్డాక పగలూ రాత్రీ ఒకటే అయ్యాయి. దీపం ముందు కూర్చుంటే శ్లోకమూ నోటికి రాదు, చేతులు మాత్రం జోడిస్తాను. కోడలు కాఫీ తెచ్చి, మూత పెట్టి, ఏమీ అడగకుండా వెళ్ళిపోతుంది. ఆ మూత చూసినప్పుడల్లా ఆ తల్లీకూతుళ్ళకు మనసులో దండం పెట్టుకుంటాను. చల్లారాకైనా, కాఫీ తాగుతాను.