రెండు అగ్గిపుల్లల సందు

మా నాయన గొర్రె వయసు చెప్పాలంటే దాని మూతి తెరిస్తే చాలు. కింది పళ్ళు పై చిగురుకు సరిగ్గా ఆనని పిల్ల కనబడితే, ఇది మేయలేదులే అని సంతకు తోలేస్తాడు. అలాంటి మనిషి ముందుకు, మంద కాపలాకని నేనొక కుక్కపిల్లను తెచ్చాను. బుద్ధి ఉన్నవాళ్ళు ఎవరైనా ముందు మూతి చూస్తారు. నేను కళ్ళు చూసి పడిపోయాను.

నాయన బొటనవేలితో దాని పెదవి ఎత్తాడు. పై దవడ ముందుకు, కింది దవడ లోపలికి. మధ్యలో రెండు అగ్గిపుల్లలు పట్టేంత సందు.

"దీనికి పట్టుండదు పాపా. శనక్కాయ పెరికేలోపల పళ్ళు సరిపోకుంటే ఇచ్చేద్దాం. విడపనకల్లు హోటలాయన అడుగుతాండాడు."

విత్తనం వేసి అప్పటికి వారమే. అమ్మయ్య, గడువుంది అనుకున్నాను. ఉరవకొండలో పశువుల డాక్టరుకు చూపించాను. దవడ పెరిగేకొద్దీ సర్దుకోవచ్చు, సర్దుకోకపోనూవచ్చు, గట్టిపళ్ళు వచ్చాక తెలుస్తుంది, కింది కోరలు అంగిట్లో గుచ్చుకోకపోతే భయం లేదు అన్నాడాయన. నాయనకు మాత్రం నేను మొదటి ముక్క ఒక్కటే చెప్పాను.

ఇక ప్రతి ఆదివారం అగ్గిపుల్లలతో కొలవడమే పని. కొలిచిన పుల్లలను అది నమిలేసేది. పాలపళ్ళు ఊడాయి, తెల్లటి కొత్తపళ్ళు వచ్చాయి, సందు మాత్రం ససేమిరా అంది. అయినా నాయన అడిగినప్పుడల్లా ఒకటిన్నర పుల్ల అని, ఒకటి అని, అర అని సిగ్గు లేకుండా తగ్గిస్తూ పోయాను. ఆయన ఊఁ కొట్టి ఊరుకునేవాడు.

శనక్కాయ పెరికిన రోజు అది కుప్ప పక్కన పడుకుని, ఆ వంకర పళ్ళతోనే కాయలు చిట్లించి గింజలు తిని పొట్టు ఊసేస్తోంది. నాయన దాని పక్కనే కూర్చున్నాడు. ఇక దాచలేక చెప్పేశాను. సందు అట్లే ఉందని, నేను చెప్పినవన్నీ అబద్ధాలని, దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వొద్దని. ఏడ్చాను కూడా.

ఆయన దానికి ఇంకో కాయ అందించాడు.

"నాకు తెల్దా? దినామూ పొద్దున్నే మూతి చూస్తానే ఉండా. పాలపళ్ళు ఊడినప్పుడే హోటలాయనకు ఇయ్యనని చెప్పేసినా."

మరి వారం వారం నన్నెందుకు అడిగావని కళ్ళు తుడుచుకుంటూ నిలదీశాను.

"నువ్వు యాడిదాకా తగ్గిస్తావో చూద్దామని."