ఉతికిన ఫిల్టర్

ఫర్నేస్ ఫిల్టర్‌ని ఉతక్కూడదు. ఈ చిన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం వల్ల ఒక చలికాలమంతా నేను గ్యారేజీలో వంట చేశాను. తెలిశాక మాత్రం ఊరుకోలేదు. ఊరుకోనందుకు ఇప్పటికీ నాకేం బాధ లేదు.

ఈ మంచు దేశంలో, నోవై అనే ఊళ్లో సొంత ఇల్లు కొనుక్కున్న రెండో ఏడాది, ఇంటి కింద బేస్‌మెంట్‌లో ఉండి గదులన్నిటికీ వేడి గాలి పంపే ఫర్నేస్ డిసెంబర్‌లో మొరాయించింది. ఆన్ అయ్యేది, నాలుగు నిమిషాలు వేడి గాలి కొట్టి ఆగిపోయేది. పై గదులు వేడెక్కేవి కావు. అప్పుడే నాలుగేళ్ల మా పాపకి పొడిదగ్గు పట్టుకుంది. మందులు మార్చినా తగ్గలేదు.

మా ఆయన ఆఫీసులో సీనియర్ ఒకాయన ఉన్నారు, మెకానికల్ ఇంజనీరు. ఇక్కడి మనవాళ్ల ఇళ్లలో ఏది పాడైనా ఆయన్నే పిలుస్తారు. మేమూ పిలిచాం. ఆయన బేస్‌మెంట్‌లోకి దిగనైనా దిగలేదు. వంటింట్లో నిలబడి రెండుసార్లు ముక్కు ఎగబీల్చారు.

"చెల్లెమ్మా, నీ పోపుల నూనె అంతా వేడి గాలి వచ్చే డక్ట్‌లలో పేరుకుపోయింది. ఎయిర్‌ఫ్లో బ్లాక్ అయింది. పాప దగ్గు కూడా అందుకే. ఇంట్లో పోపు పెట్టడం స్టాప్ చెయ్యి."

మా ఆయన తలూపారు. ఆయన అన్న మాట కంటే ఈయన తలూపడమే నాకు ఎక్కువ మండింది.

అయినా పాప కోసం మానేశాను. గ్యారేజీ తలుపు సగం ఎత్తి, కోటు వేసుకుని, స్నో బూట్లతో కరెంటు పొయ్యి ముందు నిలబడి పోపు పెట్టేదాన్ని. ఆవాలు చిటపటలాడేలోపు వేళ్లు కొయ్యబారిపోయేవి. ఆ పెద్దమనిషి మాత్రం తలా ఒక వంట తెచ్చుకునే ఏ పొట్‌లక్‌కి వెళ్లినా మా ఇంటి కథే చెప్పారు. ఆడవాళ్లు నన్ను జాలిగా పలకరించేవారు. తల్లి వంట వల్లే పిల్లకి జబ్బు చేసిందన్న మాట నా నెత్తిన పడింది. దగ్గు మాత్రం అలాగే ఉంది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం మా ఆయన ఆఫీస్‌కి వెళ్లాక నేనే బేస్‌మెంట్‌లోకి దిగాను. ఫర్నేస్ తలుపు లోపల అతికించిన సూచనలు చదివి, పక్కనున్న స్విచ్ ఆపి, ఫిల్టర్ బయటికి లాగాను. అట్ట అంచులు ఉబ్బిపోయి ఉన్నాయి. మధ్యలో కాగితం మడతలన్నీ అణగారి, దుమ్ము ముద్దలు కట్టి, బట్టల సబ్బు వాసన కొట్టింది. మా ఆయనకి ఫోన్ చేశాను.

"అదా? నెలనెలా నేనే టబ్‌లో నానబెట్టి వాష్ చేస్తున్నా. ఇండియాలో ఏసీ జాలీ కడగమా, అలాగే. మా ఆఫీసు అన్నే చెప్పాడు," అన్నారు గర్వంగా.

అంచు మీద మాత్రం స్పష్టంగా అచ్చు వేసి ఉంది, కడగవద్దు, పారేయండి అని. గాలి ఎటు వెళ్లాలో చూపే బాణం గుర్తు కూడా తిరగబడి ఉంది. గాలి ఆడక ఫర్నేస్ మితిమీరి వేడెక్కి తనంతట తాను ఆగిపోతోంది, ఫిల్టర్ పట్టని దుమ్మంతా గదుల్లోకి వస్తోంది. అదే సైజుది కొత్తది తెచ్చి, బాణం సరైన వైపు తిప్పి పెట్టాను. ఇల్లు వెచ్చబడింది. పది రోజులకి దగ్గు తగ్గింది.

"చూశావా, పోపు మానేసరికి తగ్గింది," అన్నారు మా ఆయన.

అప్పుడు నిర్ణయించుకున్నాను. ఫిల్టర్ మార్చిన సంగతి ఆయనకి ఏమీ చెప్పలేదు. రోజూ ఆయన వెళ్లాక వంటింట్లోనే ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి దండిగా పోపు పెట్టాను. రెండు వారాలు చూశాను. పాప ఒక్కసారి కూడా దగ్గలేదు.

పాప పుట్టినరోజుకి అందరినీ పిలిచాను. వెళ్లేటప్పుడు అందరికీ రిటర్న్ గిఫ్టులు ఇచ్చి, ఆ ఇంజనీరు అన్నయ్య గారికి మాత్రం పెద్ద సంచీ ఇచ్చాను. మురిసిపోతూ అక్కడే తెరిచారు. మా పాత నల్లటి ఫిల్టర్ బయటికొచ్చింది.

"అంచు మీద ఏముందో కాస్త పైకి చదవండి అన్నయ్య గారూ," అన్నాను.

ఆయన చదవలేదు. నేనే చదివాను. నలుగురి ముందూ ఆయన మొహం మాడిపోతుంటే కళ్లారా చూశాను. మా ఆయన నేల చూపులు చూశారు. అదీ చూశాను. కడుపు నిండిపోయింది.

అప్పుడు ఆయన భార్య ముందుకొచ్చి ఫిల్టర్ చేతిలోకి తీసుకుంది. నేను అక్కా అని పిలిచే మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు.

"దీన్ని కడగకూడదా?" అని నన్ను అడిగింది. "మూడేళ్ల నుంచి మా ఇంట్లో కడిగేది నేనే. ఈయనే కడగమన్నారు."

ఆవిడ భర్త వైపు తిరిగింది.

"మనమ్మాయికి ఆయాసం నా అగరుబత్తుల వల్లే అన్నారు కదా. మూడేళ్లుగా దేవుడి ముందు ఒక్కటి వెలిగించలేదు నేను."

ఆయన కారు తాళాల కోసం జేబులు తడుముకున్నారు. నలుగురిలో నేను తీర్చుకున్న కసి అక్కడితో అయిపోయింది. ఆవిడది ఇంటికెళ్లాక మొదలవుతుందని ఆవిడ మొహమే చెబుతోంది. ఆయన మీద నాకు జాలి కలగలేదు.

"కొత్తది ఏ సైజు తేవాలో ఎలా తెలుస్తుంది?" అంది అక్క నాతో.

వాళ్లింటి ఫిల్టర్ అంచు చూపిద్దామని నేను కోటు తీసుకుని ఆవిడ వెంట బయల్దేరాను.