అప్పన్న గది

కొత్త స్లాబు మీద నీళ్ళు చల్లినప్పుడు లేచే పచ్చి సిమెంటు వాసన తగిలితే నేను ఒకచోట నిలవలేను. ఈ ఉదయం టెక్కలిలో ఒక ఇంటి మీద ఉండగా కూడా అంతే. సరళ మేడమ్ కింద నుంచి పిలుస్తున్నట్టనిపించి రెండుసార్లు తొంగిచూశాను. కాశీబుగ్గలో ఆవిడ నడిపిన చిన్న ఆఫీసులోనే నేను ఇళ్ళ ప్లాన్లు గీయడం నేర్చుకున్నాను. ఆవిడ కుర్చీలో కుదురుగా కూర్చోవడం ఎన్నడూ చూడలేదు. ఏదో ఒక గోడ మనసుకి పట్టకపోతే టీ సగంలో వదిలేసి స్కూటీ తీసేవారు.

ఉద్దానంలో జీడితోటల మధ్య ఉన్న ఒక పెంకుటింటికి వెనకవైపు కొత్త భాగం కట్టించాలని ఢిల్లేశ్వరరావు వచ్చాడు. పెద్ద హాలు, మోడర్న్ కిచెన్, రెండు బెడ్‌రూములు కావాలన్నాడు. అతని అన్న అప్పన్న, కిడ్నీలు పాడై, డయాలసిస్‌కి బస్సులో పలాస వెళ్ళొస్తుండేవాడు. అన్నని పాత ఇంటి ముందుగదిలోనే ఉంచుదామన్నాడు తమ్ముడు. అలాగే గీశాను. అందరూ బాగుందన్నారు.

పునాదికి ముగ్గు పోసే రోజున మేడమ్ ఇల్లంతా తిరిగి, వెళ్ళి అప్పన్న మంచం పక్కన కూర్చున్నారు.

"మీ గది ఎక్కడుంటే బాగుంటుంది?"

"నాకేటి కొత్త గదమ్మా. కట్టినంతవరకు ఉంటానో లేదో."

"ఉంటే?"

అతను పెంకుల కేసి చూశాడు. "పిల్లల మాట ఇనబడితే సాలు. ఇక్కడికి ఏటీ ఇనబడదు."

మేడమ్ పెరట్లోకి వచ్చి, ఎండుపుల్లతో ఇసుక మీద కొత్త ప్లాను గీశారు. పాత ఇంటికీ కొత్త భాగానికీ నడుమ అప్పన్న గది. దాని తలుపు వంటింటి వైపు.

"ముహూర్తం దాటిపోతంది మేడమ్," అన్నాడు ఢిల్లేశ్వరరావు. "హాలు కూడా సిన్నదైపోద్ది."

"అవుతుంది," అన్నారావిడ. పని చేజారిపోతుందనుకున్నాను.

గుమ్మంలో నిలబడ్డ అతని భార్య మెల్లగా అంది: "అయితే అవనీండి. బావగారు అక్కడ ఒక్కరూ తింటంటే నాకు ముద్ద దిగట్నేదు."

ఢిల్లేశ్వరరావు ముగ్గు బుట్ట తెచ్చి, ఇసుక మీది గీతల పక్కన పెట్టాడు. ఆ పని పూర్తయ్యేదాకా మేడమ్‌కి స్థిమితం లేదు, నాకూ లేకుండా చేశారు. అప్పన్న ఆ గదిలో ఒక వేసవి, ఒక వానాకాలం ఉన్నాడు. వంటింట్లోకి కబుర్లు చెబుతూ, పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ. అతను పోయాక తమ్ముడు ఆ గది గోడ తీయించి హాలు పెంచుతాడనుకున్నాను. తీయించలేదు. ఇప్పుడా గదిలో తమ్ముడే ఉంటున్నాడు. పలాస బస్సు అతనూ ఎక్కుతున్నాడు.

మేడమ్ ఇప్పుడు లేరు. నేను గీసిన ప్లాను చూసి ఇంటిల్లిపాదీ తలూపినప్పుడే నాకు గుబులు మొదలవుతుంది. ఈ ఇంట్లో ఎవరో ఇంకా నోరు విప్పలేదేమోనని. కాగితం చుట్టేసి, మళ్ళీ లోపలికి వెళ్తాను.