ఆధార్ లేని కుక్కకాటు

మా గల్లీలో కుక్కల హోదా గురించి ముందే చెప్పాలి. పొద్దున చాయ్ వేళకు బిస్కెట్లు, శుక్రవారం మాంసం బొక్కలు. ఎవరైనా రాయి విసిరితే నలుగురు తగువుకు వస్తారు. గల్లీ చివర కడుతున్న మూడంతస్తుల ఇంట్లో, సిమెంటు బస్తాల పక్కన కాపురమున్న కుటుంబానికి అంత హోదా లేదు. భార్యా భర్తా, ఆరేళ్ల ఆడపిల్లా. సరిహద్దు అవతలి నుంచి వచ్చారు, చేతిలో కాగితం ముక్క లేదు. ఆ సంగతి తెలిసే మేస్త్రీ పనిలో పెట్టుకున్నాడు. కాగితం లేనివాడు కూలి తక్కువైందని ఎవరితో చెప్పుకుంటాడు?

గోడలెత్తేటప్పుడు అడ్డురాని పరాయితనం, ఆమె నల్లా దగ్గర బిందె పెట్టగానే మావాళ్లకు గుర్తొచ్చేది. "మొదలు మనోళ్లు పట్టుకోనీ" అనేవాళ్లు. ఆమె ఆగేది. అందరి బిందెలూ నిండేసరికి నల్లా కూడా ఆగేది.

ఒకరోజు పొద్దున ఆ పిల్లను కుక్క కరిచింది. పిక్కలో లోతుగా దిగింది పన్ను. నువ్వెవరు, ఏ దేశం అని ఆ పిల్లను అడగని ప్రాణి మా గల్లీలో అదొక్కటే.

అందరూ పోగయ్యారు. సలహాలకు మా జహీరాబాద్‌లో ఎన్నడూ కరువు లేదు. ఒకరు కారం అద్దమన్నారు, ఒకరు సున్నం రాయమన్నారు. ఎదురింటి ఖాలా మాత్రం తాతలనాటి వైద్యం చెప్పింది. కుక్క కరిచినవాళ్లు ఏడు బావుల్లోకి తొంగి చూడాలట.

"ఏడు బావులు చూపియ్యి బేటీ, జహర్ దిగిపోతది. ఫికర్ చెయ్యకు."

ఆ తల్లి పిల్లను చంకనేసుకుని నిజంగానే బయల్దేరింది. తెలివిలేక కాదు. దవాఖానలో పేరు రాస్తారు, బావి రాయదు. బోర్లు వేసుకుని, ఉన్న బావులను చెత్తతో పూడ్చిన ఘనత మాది. ఏడు బావులు కావాలంటే ఆమె ఊళ్లు దాటి ఝరాసంగం దాకా నడవాలి. నాకు తిక్క రేగింది.

"బావి సూదేస్తదా? నడువు దవాఖానకు!"

నల్లా కింద సబ్బుతో గాయం కడిగించి ఆటో ఎక్కించాను. దారి పొడవునా ఆమె నా కొంగు వదల్లేదు. "పోలీస్?" అని ఒకటే మాట. నేనున్నానుగా అన్నాను, నేనేదో కలెక్టరునైనట్టు.

నర్సమ్మ మంచిది. ఏమీ అడగకుండా సూది వేసింది, పిల్ల కళ్లు తుడిచింది, తర్వాతి తేదీ రాసిన చీటీ నా చేతిలో పెట్టింది.

"ఇంకా సూదులున్నయమ్మా, తప్పియ్యొద్దు. వచ్చేటప్పుడు జర ఆధార్ కార్డు పట్టుకరాండ్రి."

అందరికీ చెప్పే మాటే అది. ఆ తల్లికి మాత్రం అందులో ఆధార్ అన్న ఒక్క ముక్కే అర్థమైంది. ఇంటికొచ్చేదాకా, అంతా నేను చూసుకుంటానని నా వచ్చీరాని హిందీలో చెబుతూనే ఉన్నాను. ఆమె తలూపుతూనే ఉంది.

రెండో సూది రోజు వెళ్లి చూస్తే సిమెంటు బస్తాలున్నాయి, మనుషులు లేరు. మేస్త్రీకి ఫోన్ చేశాను.

"ఎవరక్కా వాళ్లు? నా దగ్గర గసొంటోళ్లెవ్వరు పని చెయ్యలే."

"మరి మూడంతస్తుల గోడలు వాటికవే లేసినయా?"

"మీకెందుకక్కా ఈ లొల్లి?" అని పెట్టేశాడు.

"పీడ పోయింది" అన్నారు గల్లీవాళ్లు. పక్కింటామె అయితే, ఇక నల్లా దగ్గర రద్దీ తగ్గుతుందని సంతోషించింది. నాకు ఏడుపొచ్చింది. కుక్క విషానికి సరిహద్దులూ మేస్త్రీలూ తెలియవు, మిగిలిన సూదులు పడకపోతే ఆ పిల్ల ఏమవుతుందో తలచుకోవడానికే భయమేసింది.

ఏం చేయాలో తోచక చీటీ పట్టుకుని ఒక్కదాన్నే దవాఖానకు వెళ్లాను. నర్సమ్మ చీటీ చూసి, నా వెనక చూసింది.

"పిల్లేదమ్మా?"

"కార్డు లేదని భయపడి ఎటో పోయిన్రు."

"అయ్యో! కార్డు లేకున్నా ఏస్తం కదమ్మా!" అని గట్టిగానే అంది.

వరుసలో కార్డులు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా ఆ మాట విన్నారు.