షోర్వ తాగిన అంతయ్య

మందమర్రి గనిలో బొగ్గు టబ్బులు నెట్టే అంతయ్యకు ఆదివారం మాంసం లేకపోతే అది వారమే కాదు. కాలనీలో మేకను కోస్తే పోగులు వేసేది ఆయనే. మంచి పోగు ఎవరింటికి చేరేదో వేరే చెప్పాలా!

పంతొమ్మిది వందల అరవై అయిదులో ఒకనాడు ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానాలో డాక్టరు రక్తపరీక్ష చేయించి, "నెత్తురులో కొవ్వు బాగా పెరిగింది. మాంసం, కొవ్వు తగ్గించకపోతే గుండె ఆగుతుంది" అన్నాడు. భార్య లింగవ్వ గుండెల్లో రాయి పడింది. పిల్లల్లేని ఇల్లు. ఆమెకున్నది ఆ మొగుడొక్కడే.

అంతయ్య శూరుడిలా ముక్క మానేశాడు. ముక్కలన్నీ ఏరి భార్య కంచంలో వేసి, తాను జొన్నరొట్టెను షోర్వలో నానేసుకుని తిని, మిగిలింది గిన్నె ఎత్తి తాగేవాడు. షోర్వ అంటే ముక్క ఉడికిన నీళ్లే కదా అని ఆయన నమ్మకం. "ముక్క ముడితే ఒట్టు" అని గనంతా చెప్పుకు తిరిగాడు. బైరాగులు కూడా అంత చెప్పుకోరు.

చలికాలంలో మళ్లీ పరీక్ష చేస్తే కొవ్వు ఇంకా పెరిగింది. డాక్టరు తిండి సంగతంతా అడిగి, షోర్వ మాట రాగానే నవ్వాపుకోలేకపోయాడు. "ఈసారి తాగకుండా తెల్లారేదాకా ఉంచి చూడు" అన్నాడు.

అలాగే ఉంచారు. పొద్దున మూత తీస్తే పైన తెల్లగా గడ్డకట్టి ఉంది. అంతయ్య వేలితో పొడిచాడు. వేలు దిగలేదు.

"ఓర్నీ! గిదంత నేనే తాగిన్నా?" అని, ఉన్న కోపమంతా భార్య మీదికి మళ్లించాడు. "గిన్నెలు తోమేదానివి, గీ జిడ్డు నీకు కనవడలేదా? ఒక్క మాటన్న చెప్పకపోతివి!"

"కనవడ్డది" అంది లింగవ్వ తలెత్తకుండా. "చెప్తే ముక్కలు మళ్ల నీ కంచంలకే పోతయనుకున్న. లగ్గమైనకాన్నుంచి నాకు అడుగు షోర్వనే గని ముక్క ఎన్నడు దక్కింది? జర ఆశవడ్డ. గిది నీ పానం మీదికొస్తదని తెల్వకపాయె." ఆ మాటతో ఏడ్చేసింది.

ఆమె ఇన్నేళ్లూ ఏం తిన్నదో అంతయ్య ఒక్కనాడూ చూడలేదు, చూడనందుకు సిగ్గుపడ్డాడు.

తరువాతి ఆదివారం కొవ్వు తీసేసిన మాంసం కొంచెమే తెచ్చాడు. తన కంచంలో రెండు ముక్కలు పడగానే చెయ్యి అడ్డం పెట్టి, "ఇగ చాలు. నువ్వు గూసో, నాతోనే తిను" అన్నాడు. మొగుడి ఎదురుగా కూర్చుని తినడం లింగవ్వకు అదే మొదలు. ముక్క నములుతున్నా, ఆమె కళ్లు మాత్రం షోర్వ గిన్నె వైపు పోతున్న ఆయన చేతి మీదే ఉన్నాయి.