కుక్కర్ కేసులో యొలాండా గారి మొదటి ఉద్యోగం

2022 జూన్‌లో నేను అట్లాంటాకు ఉత్తరాన ఒక చిన్న లా ఆఫీసులో పారాలీగల్‌గా చేరాను. పారాలీగల్ అంటే లాయరు కాదు. లాయరు కోర్టులో నిలబడి మాట్లాడటానికి ముందు కావలసినవన్నీ పోగుచేసి, మాట్లాడాక మిగిలినవన్నీ సర్దే మనిషి. పెళ్లి భోజనాల్లో సాంబారు బకెట్టు పట్టుకుని పంక్తుల మధ్య పరుగెత్తేవాడి హోదా. ఆ వృత్తి నుంచి నేను రిటైరై రెండేళ్లయింది. ఇప్పుడు నాకు ముప్పై ఒకటి. రిటైర్మెంట్ అనే మాట విని ఎవరైనా నవ్వితే నాకు అభ్యంతరం లేదు.

ఆఫీసు యొలాండా బ్రైసన్ గారిది. యాభై దాటిన నల్లజాతి మహిళ, పొడుగు మనిషి, గొంతు పెంచాల్సిన అవసరం లేని మనిషి. కింద అంతస్తులో పళ్ల డాక్టరు. క్లయింటు తన కష్టం చెప్పుకుని కళ్లు తుడుచుకునే సమయానికి సరిగ్గా కింద డ్రిల్లు మొదలయ్యేది. ఆ గదిలో ఎవరి విషాదమూ పూర్తిగా పండలేదు.

ఆవిడ వృత్తిలోకి వచ్చిన దారి తిన్నగా లేదు. కాలేజీ ఫీజుల కోసం ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లో దొంగల్ని పట్టే ఉద్యోగం చేశారు. మామూలు బట్టల్లో తిరుగుతూ, ట్రాలీ తోసుకుంటూ, ఎవరు ఏది సంచిలో వేసుకుంటున్నారో చూడటం ఆ పని. పట్టుకున్న ప్రతి కేసులోనూ సాక్ష్యం చెప్పడానికి కోర్టుకు వెళ్లేవారు. అక్కడ లాయర్లను చూసీ చూసీ, ఈ పని నేను ఇంతకన్నా బాగానే చేస్తాననిపించిందట. పగలు ఉద్యోగం, సాయంత్రాలు లా స్కూల్. తర్వాత కౌంటీ తరఫున చిన్న నేరాల ప్రాసిక్యూటర్. తర్వాత అటునుంచి ఇటు వచ్చి, లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్ల కోసం ప్రభుత్వం నియమించే పబ్లిక్ డిఫెండర్. ఆపైన ఈ సొంత ఆఫీసు. "ఇన్ని ఉద్యోగాలు మారితే మనవాళ్లయితే సంబంధం కూడా ఇవ్వరు" అన్నాను ఒకసారి. "నా పెళ్లికి నీ సలహా ఆలస్యంగా అందింది" అన్నారు.

ఆ సెప్టెంబరులో దగ్గర్లోని కమ్మింగ్ అనే ఊరి నుంచి స్వాతి అనే ఆమె వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. స్వాతికి ఏడో నెల. తల్లి రాజ్యలక్ష్మి గారు నరసరావుపేట దగ్గర హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. అంటే నాలాగా కాదు, నిజంగా. కాన్పుకు సాయంగా విజిటర్ వీసా మీద వచ్చారు. తోడుగా శేఖర్ అంకుల్ అనే కుటుంబ మిత్రుడు. వృత్తి సాఫ్ట్‌వేర్, ప్రవృత్తి అందరికీ లీగల్ సలహా.

నేరం స్టోర్లో దొంగతనం. వస్తువు ప్రెషర్ కుక్కర్. కూతురు కొన్న కుక్కర్‌కు గాస్కెట్ దగ్గర ఆవిరి లీకవుతోంది, విజిల్ రావడం లేదు. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు వెళ్తూ స్వాతి తల్లిని, ఆ కుక్కర్‌నూ అది కొన్న స్టోర్ దగ్గర దింపింది. పెద్దావిడ లోపలికెళ్లి, రిటర్న్ కౌంటర్ ముందు క్యూలో కాసేపు నిలబడి, అది కదలకపోయేసరికి నేరుగా వంట సామాన్ల వరుసకెళ్లారు. అక్కడ కొత్త కుక్కర్ మూత తీసి, గాస్కెట్ నొక్కి చూసి, నచ్చాక దాన్ని తీసుకుని, పాతదాన్ని ఆ స్థానంలో పెట్టి బయటికి నడిచారు. వాళ్ల ఊళ్లో స్టీలు సామాన్ల కొట్లో ఇదే పద్ధతి. కొట్టాయన కూర్చున్నచోటి నుంచే "మార్చుకోండమ్మా" అంటాడు. ఇక్కడ తలుపు దాటగానే మామూలు బట్టల్లో ఉన్న స్టోరు డిటెక్టివ్ కుర్రాడు ఒకడు ఆపాడు. పోలీసు వచ్చి, ఫలానా తేదీన కోర్టుకు హాజరు కావాలని సైటేషన్ చేతిలో పెట్టాడు.

"యూట్యూబ్‌లో చూశాను, నోలో అని ఉంటుంది" అన్నాడు శేఖర్ అంకుల్. నోలో అంటే నేరం ఒప్పుకోను, కానీ కాదని వాదించను అని చెప్పి శిక్షకు తలొగ్గడం. "ఫైన్ కట్టేసి క్లోజ్ చేసేద్దాం మేడమ్. ఎవరికీ తెలీదు." తర్వాత నావైపు వంగి గొంతు తగ్గించాడు. "ఈవిడ బ్లాక్ లేడీ కదా తమ్ముడూ, మన కల్చర్ ఏం అర్థమవుతుంది?"

"గాస్కెట్ లీకేజీలో కల్చర్ ఏముంది అంకుల్?" అన్నాను.

యొలాండా గారు నోలో మీద రెండు వాక్యాలే చెప్పారు. రాష్ట్రం దాన్ని ఎంత తేలిగ్గా చూసినా, ఇమిగ్రేషన్ చట్టం దాన్ని దొంగతనానికి పడ్డ శిక్షగానే లెక్కిస్తుంది. ఆ తర్వాత ఈ దేశపు విమానాశ్రయంలో ప్రతి ఆఫీసరూ ఆవిణ్ని లోపలికి రానివ్వాలా వద్దా అని ఆలోచిస్తాడు. స్వాతి చెయ్యి పొట్ట మీదికి పోయింది. పుట్టబోయే మనవరాలిని ఈ అమ్మమ్మ మళ్లీ చూడటానికి రాగలదా లేదా అన్నదే ఇక కేసంతా. సరిగ్గా అప్పుడే కింద డ్రిల్లు మొదలైంది.

తర్వాత ఆవిడ వేసిన ప్రశ్నలు నేను ఊహించినవి కావు. తీశారా లేదా అని అడగనేలేదు. లోపలికి వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఎవరున్నారు? కుక్కర్ చేతిలో ఉందా, సంచిలోనా? వాళ్లు దాని మీద ఏమైనా అంటించారా?

"పింక్ స్టిక్కర్ అంటించారు. గుడ్ మార్నింగ్ కూడా చెప్పారు" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

యొలాండా గారు కుర్చీలో వెనక్కి వాలారు. వస్తువు వాపసు కోసం బయటినుంచి వచ్చిందనడానికి తలుపు దగ్గర వేసే ఆ స్టిక్కరే గుర్తు. స్టోర్ డిటెక్టివ్‌కు నేర్పే నియమాలు చెప్పారు. మనిషి వస్తువు ఎంచుకోవడం చూడాలి, దాచడం చూడాలి, చూపు తిప్పకుండా వెంబడించాలి, డబ్బు కట్టకుండా తలుపు దాటాకే ఆపాలి. ఈ కుర్రాడు వంట సామాన్ల వరుస దగ్గర చూడటం మొదలుపెట్టాడు. అంటే ఇంటర్వెల్ తర్వాత హాల్లోకొచ్చి కథ చెబుతున్నాడు. స్టోరు పోలీసుకు ఇచ్చేది కూడా ఆ వీడియో ముక్కే. మిగతా రికార్డింగ్ కొద్ది రోజుల్లో దానంతటదే చెరిగిపోతుంది. ఆ మధ్యాహ్నమే, తలుపు కెమెరాతో సహా ఏదీ చెరపకూడదని స్టోరుకు లీగల్ నోటీసు వెళ్లింది. దాని వెనకే వీడియో ఇవ్వాలని కోర్టు సమన్లు. టైపు చేసింది నేనే. చరిత్రలో నా పాత్ర అంతవరకే.

కోర్టు రోజున యొలాండా గారు గదిలో అడుగుపెట్టగానే కోర్టు కాపలాకు ఉండే కొత్త డెప్యూటీ ఒకడు నిందితుల బెంచీ వైపు వేలు చూపించాడు. ఆవిడ బార్ కార్డు తీసి, తన పక్కనున్న పెద్దావిడ క్లయింటు, తాను లాయరు అని వాతావరణం చెప్పినంత మామూలుగా చెప్పారు. అతను సారీ అన్నాడు. కథ అక్కడితో అయిపోవాలి. కానీ రాజ్యలక్ష్మి గారు కళ్లజోడు సర్దుకుని, అతని ఎదుటికెళ్లి, స్కూల్ అసెంబ్లీ గొంతుతో, "యంగ్ మ్యాన్, ఫస్ట్ ఆస్క్. దెన్ పాయింట్" అన్నారు. నోరు విప్పొద్దని ఆవిడకు అప్పటికే గట్టిగా చెప్పి ఉన్నాం. యొలాండా గారు ఫైల్లోకి చూస్తూ పెదవి కొరుక్కున్నారు.

ప్రాసిక్యూటర్ మిస్ కోల్‌మన్ కూడా నల్లజాతి మహిళే, ముప్పై అయిదు దాటి ఉండవు. ఆవిడ టేబుల్ మీద నోలో ఆఫర్ సిద్ధంగా ఉంది. ఇవాళే ముగించుకోవచ్చు. కాదంటే విచారణ తేదీ తిరుగు ప్రయాణం టికెట్ దాటి పోవచ్చు. వరండాలో స్వాతి ఏడవడం మొదలుపెట్టింది. "అమ్మా, ఒప్పేసుకోవే. నావల్ల కాదు."

రాజ్యలక్ష్మి గారు కూతురి చేతిలో రుమాలు పెట్టారు. లాయరు వైపు తిరిగి, స్టోర్లో పనిచేసినప్పుడు మీరూ మనుషుల్ని పట్టుకున్నారు కదా అని అడిగారు.

"పట్టుకున్నాను. చాలామంది నిజంగానే దొంగలు" అన్నారు యొలాండా గారు. "మీరు కాదు. తేడా నాకు తెలుసు."

ఇక్కడ సినిమాలోనైతే వీణ మోగాలి. మోగింది శేఖర్ అంకుల్ ఫోను, ఆఫీసు మీటింగ్‌కు పిలుపు. ఆయన అటు వెళ్లాడు. పెద్దావిడ, "సంతకం పెట్టను" అని తెలుగులో అన్నారు. నేను అనువదించబోతే అక్కర్లేదని యొలాండా గారు చెయ్యెత్తారు.

వరండాలోనే ల్యాప్‌టాప్ తెరిచి మిస్ కోల్‌మన్‌కు స్టోరు నుంచి వచ్చిన వీడియో మొదటినుంచి చూపించారు. ఒక చీర కట్టిన పెద్దావిడ కుక్కర్‌ను పసిబిడ్డలా ఎత్తుకుని లోపలికి వస్తుంది. స్టిక్కర్ వేయించుకుంటుంది. క్యూలో నిలబడి ముందువాళ్ల తలలు లెక్కపెడుతుంది. వరుసలోకెళ్లి కొత్తదాన్ని పరీక్ష చేస్తుంది. పాతదాన్ని అరలో పెట్టి, పక్కనున్న పెట్టెలు వంకరగా ఉన్నాయని వాటినీ సర్దుతుంది. పోతూ పోతూ తలుపు దగ్గరి ఉద్యోగికి చెయ్యి ఊపుతుంది.

మిస్ కోల్‌మన్ ఆ అర దగ్గరి దృశ్యాన్ని వెనక్కి తిప్పి ఇంకోసారి చూశారు. లా చదవక ముందు ఆవిడ సైన్యంలో సరఫరా గోదాము చూసేవారని నాకు తర్వాత తెలిసింది. "ఒకటి తీసింది, ఒకటి పెట్టింది. అరలో లెక్క తగ్గలేదు" అన్నారు. "ఆర్మీలో దీన్ని దొంగతనం అనం. ఎక్స్ఛేంజ్ అంటాం. అదీ నీట్‌గా చేసిన ఎక్స్ఛేంజ్."

దొంగిలించే ఉద్దేశం లేనిదే దొంగతనం లేదు. ఆ మాట యొలాండా గారు నోటితో అనాల్సిన అవసరం రాలేదు. పది నిమిషాల తర్వాత మిస్ కోల్‌మన్ జడ్జి ముందు నిలబడి ప్రభుత్వం కేసు ఉపసంహరించుకుంటోందని చెప్పారు. జడ్జి తలూపి తర్వాతి పేరు పిలిచారు. చప్పట్లు లేవు. తర్వాతి కేసు స్పీడింగ్.

రాజ్యలక్ష్మి గారు బయటికి రాగానే అడిగిన మొదటి ప్రశ్న, కుక్కర్ ఎప్పుడిస్తారని. రెండూ స్టోరు దగ్గరే ఉండిపోయాయి. "అయితే ఆ లీకేజీది మళ్లీ ఎవరికో అమ్ముతారన్నమాట" అని చాలా సేపు బాధపడ్డారు. ఆవిడ దృష్టిలో నేరం అదే.

నవంబరులో మనవరాలు పుట్టింది. మరుసటి ఏడాది ఆవిడ మళ్లీ వచ్చారు. విమానాశ్రయంలో ఆఫీసరు పాత కేసు సంగతి అడిగితే ఉపసంహరణ ఉత్తర్వు నకలు చూపించారు. గాస్కెట్ గురించి కూడా వివరంగా చెప్పారట. రెండో అంశం వినకముందే అతను ముద్ర వేసి ఉంటాడని నా అనుమానం.

ఆ ఆఫీసులో నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ పనికొస్తున్నది ఇది. చట్టం పుస్తకం ఇద్దరు లాయర్లకూ ఒకటే. ఏ కెమెరా అడగాలో ఒకరికి తెలిసింది, అరలో ఏం లెక్కపెట్టాలో ఇంకొకరికి తెలిసింది. అవి ఏ లా స్కూలూ నేర్పలేదు. లాయరును కుదుర్చుకునేటప్పుడు మనవాళ్లు ఫీజు అడుగుతారు, గెలిచిన కేసులు అడుగుతారు. లాయరు కాకముందు ఏం పని చేశారని కూడా అడగాలి.